తెలుగు లినక్స్ అన్ని ఆర్కిటెక్చర్లకూ ఒకే మెషీన్ మీద క్రాస్ కంపైల్ చేద్దామా, వద్దా?

గచ్చిబౌలి_జీసీసీ:
మన తర్వాతి విడుదలకు బిల్డ్ పద్ధతి, అంటే కోడు నుంచి ఇన్‌స్టాల్ చేసుకునే ఇమేజ్ కట్టే పద్ధతి, మార్చాలని నా ప్రతిపాదన. ఇప్పుడు ఒక్కో ఆర్కిటెక్చర్‌ది (అంటే ప్రాసెసర్ రకానిది) ఒక్కో చోట: 64-బిట్ ఇమేజ్ నా పీసీలో, ఆర్మ్‌ది బాబాయి గారి రాస్‌ప్‌బెర్రీ పై బోర్డు మీద, 32-బిట్‌ది సికింద్రాబాద్‌లో పాతపెట్టె అన్న దగ్గర కడుతున్నాం. కరెంటు పోతే ఒకటి ఆగుతుంది, ఎండకి వేడెక్కి ఇంకోటి ఆగుతుంది. అన్నీ నా మెషీన్ మీదే క్రాస్ కంపైల్ చేస్తే, అంటే వేరే రకం ప్రాసెసర్లకు పనికొచ్చేవి కూడా ఇక్కడే కట్టేస్తే, ఒక్క రాత్రిలో తెమిలిపోతాయి. నెట్‌బీఎస్‌డీ అనే ఓఎస్ వాళ్లు ఎప్పటినుంచో చేసేది ఇదే. బిల్డ్.ఎస్‌హెచ్ అనే స్క్రిప్టు ముందు తనకు కావాల్సిన కంపైలర్‌ని కట్టుకుని, ఆ తర్వాత ఏ ఆర్కిటెక్చర్ అడిగితే దానికి సిస్టమ్ మొత్తం కట్టిస్తుంది. పన్లో పనిగా రిస్క్-ఫైవ్ అనే ఇంకో ప్రాసెసర్ రకం కూడా చేర్చేద్దాం.

పాతపెట్టె:
నాకైతే మంచిగ అనిపిస్తలేదు. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఓఎస్ వాళ్లు ఏ ఆర్కిటెక్చర్‌ది ఆ మెషీన్ మీదనే కడతరు. ఎందుకు? ఓఎస్ తనను తాను కంపైల్ చేస్కునుడే పెద్ద పరీక్ష. గంటల తరబడి మెమరీ, డిస్కు, షెడ్యూలర్ అన్నిటి మీద లోడు పడతది. నువ్వు గచ్చిబౌలిల ఏసీ రూముల కట్టి పంపిన ఇమేజ్ మా లైబ్రరీ మెషీన్‌ల లేస్తదో లేదో ఎవరు చూడాలె?

గచ్చిబౌలి_జీసీసీ:
ఏసీ సంగతి వదిలెయ్ అన్నా. 32-బిట్‌లో మొత్తం అడ్రస్ స్పేసే (ప్రోగ్రాముకి అందే మెమరీ చిరునామాలు) 4 జీబీ, ఓఎస్ గుండెకాయ కెర్నెల్ వాటా పోను ప్రోగ్రాముకి మామూలుగా మిగిలేది 3. పెద్ద బ్రౌజర్‌ని లింక్ చేసేటప్పుడు, ముక్కలన్నీ ఒక్క ప్రోగ్రాముగా అతికే లింకర్‌కి అది చాలక మధ్యలో చచ్చిపోతుంది. ర్యామ్ ఎంత పెట్టినా లాభం లేదు. 64-బిట్ మీద క్రాస్ చేస్తే ఆ గొడవే ఉండదు.

ఉప్పల్_యూజర్:
చాయ్ తెచ్చుకుని కూర్చున్నా. కానివ్వండి.

బిల్డ్‌బాబాయి:
మా పాత ఆఫీసులో జరిగింది చెప్తాను, పేరొద్దు. ఆర్మ్ బోర్డుకి క్రాస్ కంపైల్ చేసి కస్టమర్‌కి పంపారు. అక్కడ ఫైలు చదవడం మొదలుపెట్టింది, ఇక ఆగదే! చూస్తే ఎవడో, ఒక్కో అక్షరం చదివే గెట్‌చార్ ఇచ్చిన విలువని చార్‌లో దాచి, ఫైలు అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్‌తో, అంటే -1తో, పోలుస్తున్నాడు. ఎక్స్86 (మామూలు పీసీ ప్రాసెసర్) లినక్స్‌లో చార్ సైన్డ్, మైనస్ విలువలూ పడతాయి కాబట్టి -1 అలాగే ఉంటుంది. ఆర్మ్ లినక్స్‌లో అన్‌సైన్డ్, -1 కాస్తా 255 అయి కూర్చుంటుంది. లూపు ఇంకెప్పుడు ముగుస్తుంది? రాసినవాడికి ప్రమోషన్. రాత్రుళ్లు కూర్చుని పట్టుకున్న నాకు అప్రైజల్‌లో "ఆలస్యం" అని రాశారు.

గచ్చిబౌలి_జీసీసీ:
బాబాయి గారూ, ఆ బగ్ బోర్డు మీద కంపైల్ చేసినా వస్తుందండీ! చార్ ఏంటన్నది టార్గెట్‌ని బట్టి, కంపైల్ చేసిన చోటుని బట్టి కాదు.

బిల్డ్‌బాబాయి:
వస్తుంది నాయనా. బోర్డు మీద కట్టి ఉంటే టెస్టులు కూడా అక్కడే నడిచేవి, కస్టమర్ దాకా పోయేది కాదు. కుట్టిన చొక్కా తొడిగి చూడకుండా ఇస్తామా?

గచ్చిబౌలి_జీసీసీ:
టెస్టులు క్యూఈఎంయూలో, అంటే వేరే ప్రాసెసర్‌లా నటించే ఎమ్యులేటర్‌లో, నడుపుతాను. చాలా?

రిస్క్‌రాణి:
చాలదు. ఎక్స్86 మెమరీలో చదివే, రాసే పనుల వరుసను చాలా గట్టిగా పాటిస్తుంది, ఆర్మ్, రిస్క్-ఫైవ్‌లు అంతగా పట్టించుకోవు. ఆ వరుసను కాపాడే బ్యారియర్ అనే ఆదేశం మర్చిపోయిన కోడు ఎక్స్86 మీది ఎమ్యులేటర్‌లో హాయిగా పాసై, అసలు బోర్డు మీద ఎప్పుడో ఒకసారి పడుతుంది. ఎందుకు పడిందో పట్టుకోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది.
కానీ మనం బ్రౌజర్ ఎప్పుడు కట్టాం తమ్ముడూ? మన పునాది డెబియన్ అనే లినక్స్. ప్యాకేజీలన్నీ వాళ్లే కట్టి పెడుతున్నారు, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13తో రిస్క్-ఫైవ్ కూడా అధికారికం అయింది. మనం చేసేవి కెర్నెల్, ఇన్‌స్టాలర్ మార్పులు, తెలుగు కీబోర్డు, ఫాంట్లు. ఫాంట్లకైతే ఆర్కిటెక్చరే లేదు.

పాతపెట్టె:
మరి 13ల 32-బిట్ ఉన్నదా అక్కా?

గచ్చిబౌలి_జీసీసీ:
నేను చెప్తా. 32-బిట్ ఎక్స్86కి కెర్నెల్, ఇన్‌స్టాలర్ రెండూ తీసేశారు. 64-బిట్ మెషీన్ల మీద పాత ప్రోగ్రాములు నడుపుకోవడానికి ప్యాకేజీలు మాత్రం ఉంచారు. 32-బిట్ ఆర్మ్‌కి టైమ్ విలువని 64 బిట్లకు మార్చారు కానీ దీనికి అదీ చెయ్యలేదు, 32 బిట్లలో టైమ్ పట్టక 2038 జనవరిలో గడియారం తిరగబడుతుంది. మనమూ 32-బిట్‌ని డెబియన్ 12తో ఆపేద్దాం.

పాతపెట్టె:
గిదా సంగతి! క్రాస్ కంపైల్ అని మొదలువెట్టి 32-బిట్‌ని సప్పుడు చెయ్యకుండ పీకేద్దామని చూస్తున్నవ్. 2038 దాకా మా నెట్‌బుక్కులు బతికితే వాటికి నేనే దండేస్తా. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజార్ల సెకండ్ హ్యాండ్ కొన్నవి అవి. బ్యాటరీలు ఉబ్బితే తీసేసినం, ప్లగ్గు జర కదిలితే ఆరిపోతయ్. బస్తీ పోరగాళ్లు వాటి మీదనే తెలుగు టైపింగ్ నేర్చుకుంటున్నరు. నీ రిస్క్-ఫైవ్ బోర్డు ఈ గ్రూపుల ఎంతమంది తాన ఉన్నదో చెప్పు ముందుగాల!

గచ్చిబౌలి_జీసీసీ:
పిల్లల పేరు చెప్పి నా నోరు మూయించకు. సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ రాత్రి రెండింటి దాకా కూర్చునేది ఎవరు? నువ్వు ఇమేజ్ కట్టి పడేస్తావు, అది బూట్ కాకపోతే ఫోను నాకొస్తుంది. 32-బిట్ కెర్నెల్‌కి ప్యాచులు నువ్వు వేస్తానంటే ఇవ్వాళే రాసిస్తా, ఉంచుకో.

ఉప్పల్_యూజర్:
చాయ్ చల్లారిపోయింది.

రిస్క్‌రాణి:
అన్నా, ఆ నెట్‌బుక్కుల్లో ఏ ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్ ఉంది? ఎన్270 అయితే 32-బిట్ మాత్రమే. ఎన్450 అయితే అది 64-బిట్ ప్రాసెసర్, మామూలు ఇమేజే పెట్టొచ్చు. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ అని కొట్టి చూడండి.

పాతపెట్టె:
చూసిన. సగం ఎన్450, సగం ఎన్270. ఇప్పుడేంది, సగం మంది పోరగాళ్లను లేపి ఇంటికి పంపాల్నా?

గచ్చిబౌలి_జీసీసీ:
ఆ సగానికి 12 ఉంచు. అప్‌డేట్లు వచ్చినన్నాళ్లు వస్తాయి. ఆ తర్వాత కెర్నెల్ నీదే.

పాతపెట్టె:
నాదే గనీ, ప్యాచు ఎట్ల వెయ్యాల్నో ఆదివారం వచ్చి చూపియ్యి. ఫోన్‌ల చెప్తే నాకు ఎక్కదు.

బిల్డ్‌బాబాయి:
మీరు ఏమన్నా చేసుకోండి. ఆర్మ్ బిల్డ్ మాత్రం నా రాస్‌ప్‌బెర్రీ పై మీదే కడతాను, ముందే చెప్తున్నా.