అప్‌డేట్: 2012 భూకంపానికి పెద్ద సునామీ ఎందుకు రాలేదు?

నా ప్రశ్న ఇది: 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూమి కంపిస్తే మన కోస్తా దాకా సునామీ వచ్చింది. 2012 ఏప్రిల్ 11న అటువైపే 8.6 వస్తే ఎందుకు రాలేదు? మీ జవాబులతో విషయం తేలింది.

8.6 అంటే 2004 శక్తిలో దాదాపు ఆరో వంతు, అదేం తక్కువ కాదు. అసలు తేడా కదలిక దిశలో ఉంది. సుమత్రా పక్కన సముద్రగర్భంలో ఉన్న లోతైన పల్లం, సుండా కందకం దగ్గర భారత ఫలకం (ఫలకం అంటే భూమి పైపొరలోని పెద్ద రాతి పలక) బర్మా ఫలకం కిందికి ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు దూరుతుంది. రాపిడికి రెండూ బిగుసుకుపోతాయి, పై ఫలకం అంచు కూడా దాంతోపాటు కిందికి వంగుతుంది. ఇలా శతాబ్దాలు! 2004లో ఆ పట్టు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవునా వదిలింది. అంచు పైకి తన్నింది, సముద్రగర్భం కొన్ని మీటర్లు లేచి మీదున్న నీటినంతా ఎత్తేసింది.

2012ది కందకానికి పడమర, దిగబోయే ఫలకం లోపలే. పగుళ్లకు ఇరువైపులా రాయి పక్కకు జరిగింది, నిలువు కదలిక స్వల్పం. అందుకే చిన్న అలలే.

2012లో ఆ రోజు ఇచ్చిన సునామీ హెచ్చరిక తప్పు కాదు. మొదటి నిమిషాల్లో చేతిలో ఉండేవి తీవ్రత, లోతు, చోటు మాత్రమే. అల పుట్టిందో లేదో సముద్రగర్భంలోని పీడన సెన్సర్లు, తీరంలోని అలల కొలమానాలు చూశాకే తెలుస్తుంది. హైదరాబాద్‌లోని సునామీ హెచ్చరికల సంస్థ ఇన్‌కాయిస్ ముందు హెచ్చరించి, తర్వాత ఉపసంహరించింది.