ఋగ్వేదం 9.112.3కు సాయణ భాష్యం తెలుగులో ఎక్కడ ఉంది?

వర్ణాల గురించి చదువుతున్నాను. నాలుగు పేర్లూ కలిసి కనిపించేది ఋగ్వేదం మొత్తంలో పురుషసూక్తంలోనే (10.90.12), అక్కడ కూడా క్షత్రియుడు కాదు, ‘రాజన్యుడు’. అయితే నన్ను పట్టుకున్నది తొమ్మిదో మండలం, 112వ సూక్తం, మూడో ఋక్కు. నేను స్తోత్రాలు కూర్చేవాణ్ని, నాన్న వైద్యుడు, అమ్మ రాతి మీద ధాన్యం నూరుతుంది అంటాడు కవి. ఒకే ఇంట్లో మూడు వృత్తులు! దీనికి వేదాలకు భాష్యం (వివరణ) రాసిన సాయణాచార్యులు ఏం చెప్పారో తెలుసుకోవాలని ఎంతో ఆరాటంగా ఉంది. మా గ్రంథాలయంలోని తెలుగు సంపుటాల్లో ఎనిమిదో మండలం తర్వాతివి లేవు. దొరికిన స్కాన్ ప్రతిలో సరిగ్గా ఆ పుటలే చెరిగిపోయాయి. సంస్కృత భాష్యం నా అంతట నేను చదవలేను. తెలిసిన ఘనపాఠి గారు స్వరంతో చక్కగా వల్లించారు కానీ, భాష్యం తాము చదవలేదన్నారు.

ఈ ఋక్కుకు సాయణ భాష్యం తెలుగు తాత్పర్యంతో ఏ ప్రచురణలో, ఎన్నో సంపుటంలో దొరుకుతుంది?