సకలవిద్యాలయ, రశ్మిసంయోగ: ఖ్మేర్ పాఠ్యపుస్తకాల్లో మనకి తెలిసిన మాటలు

కృష్ణాతీరం:
కంబోడియా వాళ్ల భాష ఖ్మేర్‌లో యూనివర్సిటీని 'సాకల్‌విత్యియాలయ్' అంటారు. రాతలో చూస్తే అది సకల, విద్యాలయ. మనకి ఇట్టే తెలిసిపోతుంది. ఇంత పదసంపద చేతిలో పెట్టుకుని కూడా కంబోడియాలో డిగ్రీ, పీజీ పుస్తకాల్ని సొంత భాషలోకి తేవడానికి ఎందుకంత అవస్థ పడుతున్నారు? పాలీ, సంస్కృతం మాటలు పిల్లలకి కొరుకుడు పడకపోవడమే కారణమా?

పంతులుగారు:
ముందు ఆ మాట ఏ వరసలో వచ్చిందో చూడండి. అనువిద్యాలయ అంటే వాళ్లకి హైస్కూలు కింది తరగతులు. విద్యాలయ అంటే పై తరగతులు. మహావిద్యాలయ అంటే మనలా కాలేజీ కాదు, యూనివర్సిటీలో ఒక ఫ్యాకల్టీ. అన్నిటికీ పైన సకలవిద్యాలయ. బడి పిల్లవాడు 'సిస్స' (శిష్య), యూనివర్సిటీ విద్యార్థి 'నిస్సిత', పీహెచ్‌డీ చేసినాయన 'పండిత'. గ్రంథాలయం 'పణ్ణాలయ', ఆకులున్న ఇల్లు! తాటాకు పుస్తకాల కాలం ఆ మాటలో అలా ఉండిపోయింది.

ఇందులో చాలా మాటలకి అధికారిక రూపం ఇచ్చింది చువొన్ నాత్ (1883–1969). బౌద్ధ సంఘరాజు, పాలీలో దిట్ట. ఆయన నిఘంటువు మొదటి భాగం 1938లో, రెండోది 1943లో వచ్చాయి. కొత్త వస్తువుకి పేరు కావాలంటే పాలీ, సంస్కృత ధాతువుల వైపు చూడటం ఆయన పద్ధతి. రైలుకి 'అయస్మయయాన' అన్నారు, ఇనుప వాహనం అని. జనం మాత్రం 'రథ్ ఫ్లెంగ్' అంటారు. రథం మనదే, ఫ్లెంగ్ అంటే నిప్పు, అది అచ్చ ఖ్మేర్. మన ధూమశకటం గుర్తొచ్చి నవ్వుకున్నాను.

1967లో చదువును ఫ్రెంచి నుంచి ఖ్మేర్‌లోకి మార్చే పని మొదలయ్యాక కెంగ్ వన్సాక్ లాంటి పండితులు చువొన్ నాత్ పద్ధతికి ఎదురు తిరిగారు. అచ్చ ఖ్మేర్ మాటలు వాడండి, వర్ణక్రమం తేలిక చేయండి అని వాళ్ల వాదన. మన గ్రాంథిక వ్యావహారిక తగాదా తెలిసినవాళ్లకి కొత్తేమీ కాదు. చివరికి అధికారిక రాతలో గెలిచింది చువొన్ నాత్ పక్షమే.

వరంగల్ పిల్ల:
పంతులుగారూ, కెంగ్ వన్సాక్ చెప్పింది న్యాయమే అనిపిస్తుంది. వాళ్లు రాసేది ఒకటి, పలికేది ఒకటి. 'నగర' అని రాసి 'నొకొర్' అంటారు, 'భాసా' (మన భాష) అని రాసి 'ఫియసా' అంటారు. మనకి కళ్లతో చూస్తే అర్థమైపోయే మాట ఆ పిల్లలకి వట్టి స్పెల్లింగు బరువు. పాలీ రానివాళ్లకి అందులో ఏ ముక్క ఎక్కడ మొదలైందో ఎట్లా తెలుస్తది?

పంతులుగారు:
అమ్మా, తప్పంతా పాలీ మీద వేయలేం. మొక్కలు ఎండతో ఆహారం చేసుకోవడానికి మనం ఏమన్నాం? కిరణజన్య సంయోగక్రియ. వాళ్లు 'రశ్మిసంయోగ' అని సరిపెట్టారు. రెండూ సంస్కృతమే, కానీ వాళ్ల మాట నోట్లో తిరుగుతుంది. కంబోడియా బడిపిల్లలు దాన్ని వాడుతున్నారు కూడా. మాట ఎక్కడిదన్నది కాదు, ఎంత పొడుగుందో, ఎన్నేళ్లు క్లాసులో నలిగిందో చూడాలి.

నలగడానికే అక్కడ టైము దొరకలేదు. 1967లో మొదలుపెట్టారు. మరుసటి ఏడే మనకి తెలుగు అకాడమీ వచ్చింది, ఇంటర్, డిగ్రీ పుస్తకాలు ఆగకుండా వచ్చాయి. అక్కడ 1975లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చి యూనివర్సిటీలు మూసేసింది. చదువుకున్నవాళ్లని చంపేశారు. పదాలు తయారుచేసినవాళ్లూ పోయారు, వాటితో పాఠం చెప్పినవాళ్లూ పోయారు. 1980లలో మళ్లీ తెరిస్తే వియత్నాం, సోవియట్ అధ్యాపకులు వచ్చి చెబుతుంటే పక్కన దుబాసీ నిలబడి ఖ్మేర్‌లో చెప్పేవాడు. తర్వాత కొన్ని చోట్ల ఫ్రెంచి తెచ్చారు. 1990లలో నోమ్ పెన్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు మాకు ఫ్రెంచి వద్దు, ఇంగ్లీషు కావాలని రోడ్డెక్కారు. ఒక్క తరం లోపల ఇన్ని భాషలు మారితే ఏ పారిభాషిక పదం కుదురుకుంటుంది చెప్పు?

అనువాదకురాలు:
నేను ఖ్మేర్ అనువాదకులతో కలిసి పనిచేశాను, సామాజిక శాస్త్రం పుస్తకాల మీద. వాళ్లు ఎక్కువగా తల పట్టుకునేది పదాల దగ్గర కాదండీ, వాక్యాల దగ్గర. ఇంగ్లీషు పుస్తకంలో ప్రతి క్రియా నామవాచకమై కూర్చుంటుంది. ఖ్మేర్‌లో దానికి చేతికందే ఉపాయాలు రెండు. క్రియకి ముందు 'కార' తగిలించడం ఒకటి, గుణానికి ముందో వెనకో 'భావ' తగిలించడం ఇంకొకటి. పదే పదే ఇవే తగిలిస్తే పేజీ అంతా కార, కార, భావ, భావ. గ్లోబలైజేషన్‌కి వాళ్ల పుస్తకాల మాట 'సకలభావూపనీయకమ్మ'. ఒక పేరాలో అది నాలుగు సార్లు వస్తే చదివేవాడు పుస్తకం మూసి ఇంగ్లీషుది తెరుస్తాడు. నేనైనా అదే చేస్తాను.

ఖ్మేర్‌కి మరో సొంత దారి ఉంది, మనకి లేనిది. మాట మధ్యలో ముక్క చొప్పిస్తారు. 'కాయెత్' పుట్టడం, 'కమ్‌నాయెత్' పుట్టుక. 'డాయె' నడవడం, 'డమ్‌నాయె' ప్రయాణం. వినడానికి ఎంత హాయిగా ఉందో చూడండి. కానీ ఈ పద్ధతిలో కొత్త మాటలు ఇప్పుడు అంతగా పుట్టడం లేదు, పాత జంటలే మిగిలాయి. అందుకే మంచి అనువాదకులు నామవాచకాన్ని విప్పి మళ్లీ క్రియ చేస్తారు. ఎవరు చేశారు, ఏం జరిగింది అని చెప్పేస్తారు. వాక్యం రెండు ముక్కలవుతుంది, అవనివ్వండి. ఎడిటర్లే ఒప్పుకోరు, 'పాండిత్యం తగ్గింది' అంటారు.

వరంగల్ పిల్ల:
మా దగ్గర గైడ్లు రాసేటోళ్లకి కూడా ఈ ముక్క చెప్పండి మేడమ్.

కృష్ణాతీరం:
ఇంకోటి దొరికింది. వాళ్లకి ఇండస్ట్రీ 'ఉస్సాహకమ్మ', అంటే ఉత్సాహకర్మ! మొదట నవ్వాను. తీరా చూస్తే మన 'పరిశ్రమ' కూడా పాటుపడటమేగా. వాళ్లు ఉత్సాహంగా చేస్తున్నారు, మనం శ్రమపడుతున్నాం.

అనువాదకురాలు:
బాగుంది. ఎకానమీ కూడా చూడండి, 'సెట్ఠకిచ్చ'. శ్రేష్ఠ, కృత్య. మన శెట్టిగారూ ఆ వంశమే.

పంతులుగారు:
మేడమ్, ఒక సందేహం. ఖ్మేర్‌లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలరు కదా, పదబంధం అయ్యాకే వదులుతారు. మరి పుస్తకం చివర పదసూచిక ఎలా తయారుచేస్తారు?

అనువాదకురాలు:
టైపు చేసేటప్పుడే మాటల మధ్య కంటికి కనబడని ఖాళీ పెడతారండీ. లైను ఎక్కడ విరగాలో కంప్యూటర్‌కి దాన్ని బట్టే తెలుస్తుంది. ఒకరు పెట్టి ఒకరు పెట్టకపోతే వెతుకుడు పనిచేయదు. ఒకే మాట ఒక అధ్యాయంలో దొరుకుతుంది, ఇంకో అధ్యాయంలో దొరకదు. మా పుస్తకానికి పదసూచిక చివరికి చేత్తోనే చేశాం, ప్రింటు తీసుకుని, ఎర్ర పెన్నుతో.