రెక్క పైన గాలి వేగం: "దూరం ఎక్కువ కాబట్టి" అనొచ్చా?

ఒంగోలు_సైన్స్‌ఫెయిర్: విమానం మోడల్ చార్టు మీద ఇలా రాయించాం: "రెక్క పైభాగం వంపు. పైగాలి ఎక్కువ దూరం పోయి కిందిగాలితో పాటే చివరికి చేరాలి కాబట్టి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది." టెన్త్ పిల్లలకు ఇది చాలదా?

కావలి_ఏరో: ఆ "పాటే చేరాలి" తీసేయండి సార్. అలాంటి నియమమే లేదు, పైగాలి ముందే దాటిపోతుంది. లెక్క చూడండి. సెస్నా 172 అనే చిన్న విమానం బరువు 1,111 కిలోలు, రెక్కల విస్తీర్ణం 16.2 చదరపు మీటర్లు. రెక్క పైన, కింద పీడనాల మధ్య సగటున 670 పాస్కల్ తేడా కావాలి. పైదారి 2 శాతం ఎక్కువనుకుంటే, సెకనుకు 60 మీటర్ల వేగం పైన 61.2 అవుతుంది. వేగం పెరిగితే పీడనం తగ్గుతుందనే బెర్నౌలీ సూత్రంలో వేస్తే 90 పాస్కల్ కూడా రాదు. విమానం బరువులో ఏడో వంతు కూడా మోయదు.

కందుకూరు_న్యూటన్: అందుకే బెర్నౌలీని వదిలేయమంటాను. రెక్క గాలిని కిందికి నెడుతుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది. కొత్తపట్నం బీచ్‌లో ఎగిరే గాలిపటానికి పైన వంపేదీ?

కావలి_ఏరో: తప్పు బెర్నౌలీది కాదన్నా, వేగం పెరగడానికి చెప్పిన కారణానిది. గాలి అడుగున తగిలి నెట్టడమే లిఫ్ట్ (రెక్కను పైకి లేపే బలం) అనుకోవడమూ తప్పే, ఎక్కువ పని పైభాగానిదే. పైన గాలి ఒంగి సాగాలంటే వంపు లోపలివైపు పీడనం తగ్గాలి. ఆ తక్కువ పీడనంలోకి వచ్చే గాలి వేగం అందుకుంటుంది. వెనకంచు పదును కాబట్టి కిందిగాలి దాన్ని చుట్టి పైకెక్కలేదు, రెండూ కిందికి వాలి వెళ్తాయి. శాస్త్రవేత్తలు కుట్టా 1902లో, జుకోవ్‌స్కీ 1906లో లెక్క కట్టింది ఈ ప్రవాహానికే. రెక్క మీది పీడనాలు కూడినా, కిందికి మళ్లిన గాలి ద్రవ్యవేగం లెక్కేసినా లిఫ్ట్ ఒక్కటే.

నెల్లూరు_మోడలింగ్: చార్టుతో పాటు మోడలూ మార్చండి. 15 సెంటీమీటర్ల వెడల్పు థర్మకోల్ రెక్క పైన 3 సెంటీమీటర్ల ఊలు పోగులు వరసగా పెట్టి, ముందు కొసకు మాత్రమే టేపు వేయాలి. టేబుల్ ఫ్యాన్ గాలి మెలితిరిగి వస్తుంది, పోగులు ఊరికే ఊగుతాయి. మధ్యలో జ్యూస్ స్ట్రాలు కట్టగా పేర్చండి. రెక్కను గాలికి 4 డిగ్రీల కోణంలో వాలిస్తే పోగులు రెక్కకు ఆనుకుని ఉంటాయి. కోణం పెంచితే వెనకంచువి మొదట లేచి ఎదురు తిరుగుతాయి. స్టాల్ (గాలి రెక్క పైభాగాన్ని విడిచిపోయి లిఫ్ట్ పడిపోవడం) అక్కడే మొదలు. అసలు విమానంలో అది 15 డిగ్రీల చుట్టుపక్కల. ఇక్కడ వేగం, సైజు తక్కువ కాబట్టి పదిలోపే రావచ్చు, మోడల్ చెడిందనుకోవద్దు.

ఒంగోలు_సైన్స్‌ఫెయిర్: సరే, తీసేస్తాం. ఆ చోట ఏం రాయాలి?

కావలి_ఏరో: "రెక్క గాలిని కిందికి వంచుతుంది. ఆ వంపులో పైన పీడనం తగ్గి, గాలి వేగం పెరుగుతుంది."

కందుకూరు_న్యూటన్: టెన్త్‌కి మొదటి వాక్యం చాలు.

కావలి_ఏరో: చాలదన్నా. అది ఒక్కటే రాస్తే స్టాల్‌లో లిఫ్ట్ ఎందుకు పడిపోతుందో ఆ పోగులు చూపించి చెప్పలేరు.