సభ్యులు తగ్గిపోతున్న చిన్న మెథడిస్టు సంఘం పెద్ద సంఘంలో కలిసిపోవాలా?

గాజువాక సభ్యుడు:

అందరికీ వందనాలు. మా సంఘంలో కొంతకాలంగా నలుగుతున్న ఒక ప్రశ్నను, మెథడిస్టు సంఘాలతో పరిచయమున్న పెద్దల ముందు, సహోదరీ సహోదరుల ముందు పెడుతున్నాను. గాజువాక వైపున్న మా సంఘం మొదటి నుంచీ చిన్నదే. ఉక్కు కర్మాగారంలో, షిప్‌యార్డులో, ఓడరేవులో, రైల్వేలో ఉద్యోగాలు దొరికి జహీరాబాద్, వికారాబాద్, తాండూరు ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలే దానికి పునాది. విశాఖలో బాప్టిస్టు, లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), రోమన్ కాథలిక్ సంఘాలు బలంగా ఉన్నాయి. మెథడిస్టులం మాత్రం కొద్దిమందిమి. అందుకే ఆ రోజుల్లో వచ్చినవారు ఒకరి చిరునామా ఒకరు కనుక్కుని, క్వార్టర్లలో ప్రార్థన పెట్టుకుని, తర్వాత మందిరం కట్టుకున్నారు.

ఆ తరం ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసింది. కొందరు సొంత ఊళ్ళకు, కొందరు పిల్లల దగ్గరకు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్ళిపోయారు. పాస్టరు గారి జీతం, పై కాన్ఫరెన్సుకు (మెథడిస్టు సంఘాలను నడిపే పై సభకు) పంపవలసిన వాటా, మందిరం పైకప్పు మరమ్మతు అన్నీ మిగిలిన కుటుంబాల మీదే పడుతున్నాయి. ఈ పరిస్థితిలో కొందరు సభ్యులు ఒక ప్రతిపాదన తెచ్చారు. దగ్గరలోనే వందల కుటుంబాలున్న మరొక ప్రొటెస్టెంటు సంఘం ఉంది కాబట్టి, అందరం అక్కడ సభ్యత్వం తీసుకుని, మన మందిరాన్ని వారం మధ్య జరిగే ఉపవాస ప్రార్థనకు మాత్రం ఉంచుకుందామని వారి ఆలోచన. నా మనసు దీనికి ఒప్పుకోవడం లేదు. అయితే వద్దని చెప్పడానికి నా దగ్గర ఉన్నది పాత అనుబంధం ఒక్కటే, లెక్కలు అడిగేవారికి అది జవాబు కాదు. మీరు ఏమంటారో తెలుసుకోగోరుతున్నాను.

మధురవాడ గృహిణి:

వందనాలు అన్నయ్య గారు. మన సంఘంలోనే పెరిగి, పెళ్ళయి, ఇప్పటికీ అందులోనే ఉన్నదాన్ని కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. కలిసిపోవడమే మంచిదని నా అభిప్రాయం.

సండే స్కూలులో మా పిల్లల సంగతి చూడండి. అయిదేళ్ళ పాప, తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకే చాప మీద కూర్చుని ఒకే కథ వింటారు. పాపకు అది అర్థం కాదు, అబ్బాయికి అది చాలదు. ఆ అబ్బాయి ఇంటర్‌కు వచ్చేసరికి తన వయసు వారు ఒక్కరూ లేని చోటికి రావడం మానేస్తాడు, మానేసిన పిల్లల పేర్లు మనందరికీ తెలుసు. కాపరి లేని ఆదివారాలు కూడా తక్కువేమీ కాదు. పాస్టరు గారికి రెండు మూడు చోట్ల బాధ్యత ఉన్నప్పుడు ప్రభు భోజనం నెలకొకసారైనా జరుగుతుందన్న నమ్మకం ఉండదు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. చిన్న సంఘంలో ప్రేమ ఎంత దగ్గరగా ఉంటుందో, కలహం కూడా అంతే దగ్గరగా ఉంటుంది. రెండు కుటుంబాలకు మాట పట్టింపు వస్తే సంఘం సగమై కూర్చుంటుంది; కానుకల లెక్క, స్త్రీల సమాజం, పాటల బృందం అన్నీ ఆ రెండు ఇళ్ళ చుట్టూనే తిరుగుతాయి. కొత్తగా వచ్చిన కోడలు ఏ వరుసలో కూర్చున్నదన్నదీ చర్చే అవుతుంది. పెద్ద సంఘంలో మనిషికి కాస్త గాలి ఆడుతుంది. సహవాసమంటే అందరికీ అందరి సంగతులూ తెలిసి ఉండడమేనని నేను అనుకోను.

మల్కాపురం విశ్రాంత ఉపాధ్యాయుడు:

సహోదరి మధురవాడ నుంచి రాసిన ప్రతి మాటా చూసి రాసినదే, ముఖ్యంగా పిల్లల గురించి రాసినది. అయినా కలిసిపోవాలన్న ముగింపుతో నేను ఏకీభవించలేను. ఎందుకో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

ఈ చర్చలో అందరూ డబ్బును ఒక వైపు, సహవాసాన్ని ఒక వైపు పెట్టి మాట్లాడుతున్నారు. మెథడిస్టు ఉద్యమంలో ఈ రెండూ మొదటి నుంచీ ఒకే ముడి. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో, ఈ ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ అనుచరులు కట్టుకున్న ప్రార్థన మందిరం మీద అప్పు మిగిలిపోతే, దాన్ని తీర్చే దారి వెతకడానికి 1742 ఫిబ్రవరిలో వారు సమావేశమయ్యారు. ప్రతి సభ్యుడూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని ఒకరన్నారు. అంత ఇవ్వలేని పేదవారున్నారని మరొకరు గుర్తు చేశారు. అప్పుడు ఫాయ్ అనే కెప్టెన్ లేచి, అందరికంటె పేదవారైన పదకొండు మందిని తనకు అప్పగించమని, వారం వారం వారి దగ్గరకు వెళ్ళి ఇచ్చినంత తీసుకుంటానని, ఇవ్వలేని వారి వంతు తానే వేస్తానని చెప్పాడు. మిగిలినవారూ అదే పద్ధతికి ఒప్పుకున్నారు. క్లాస్ అని మనం పిలిచే ఏర్పాటు అలా పుట్టింది.

ఆ తర్వాత జరిగినది ఇంకా ముఖ్యం. పెన్నీ కోసం తలుపు తట్టినవారికి ఒక ఇంట్లో భార్యాభర్తల తగవు, మరొక ఇంట్లో తాగుడు కనబడ్డాయి. ఆ సంగతులు వెస్లీ చెవిన పడినప్పుడు, తాను ఎంతో కాలంగా వెతుకుతున్న కాపరితనం ఇదేనని ఆయన గ్రహించారు. అప్పు తీర్చడానికి మొదలైన పని ఆత్మల సంరక్షణగా మారింది. నాయకులు ఇంటింటికీ తిరగడం కష్టమైన చోట పన్నెండు మంది చొప్పున వారానికొకసారి ఒకచోట కూడడం మొదలుపెట్టారు. మూడు నెలలకొకసారి సభ్యత్వ టికెట్టు ఇచ్చేవారు, ఆ టికెట్టు చేతిలో ఉండాలంటే క్లాసులో ఉండాలి. ఆ నాయకుల్లో స్త్రీలు ఎందరో ఉన్నారు. అదే కాలంలో జార్జ్ విట్‌ఫీల్డ్ అనే మరో సువార్త ప్రసంగీకుని ప్రసంగానికి వేలమంది వచ్చేవారు, వక్తగా ఆయన వెస్లీకంటె పెద్ద పేరు. అయినా విన్నవారిని అంత కట్టుదిట్టంగా చిన్న గుంపులుగా కట్టినది వెస్లీయే, నిలబడినదీ ఆ గుంపులే.

మన సంఘాల్లో ఈ క్లాసులు ఏమయ్యాయి? పుట్టినరోజుకో గృహప్రవేశానికో పెట్టే కాటేజ్ ప్రేయర్‌గా మిగిలాయి. పిలిచిన ఇంటికే వెళ్తున్నాము. పిలవలేని స్థితిలో ఉన్న ఇంటికి ఎవరు వెళ్తున్నారు? ఉద్యోగం పోయిన ఇల్లు, మంచాన పడిన ముసలమ్మ ఉన్న ఇల్లు, కూతురి పెళ్ళి చెడిపోయిన ఇల్లు, ఇవేవీ మనల్ని పిలవవు. కానుక పెట్టలేక సిగ్గుపడి ఆదివారం రావడం మానేసిన కుటుంబం మన లెక్కల పుస్తకంలో బాకీదారుగా కనబడుతుంది. ఆ ఇంటి తలుపు తట్టే మనిషి లేకపోవడమే నిజమైన లోటు. పెద్ద సంఘంలో కలిసినంత మాత్రాన ఈ లోటు తీరదు, కనబడకుండా పోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినది ఆదివారం నాడే. ఆ రోజు ఆరాధన లేదు, మరునాటికి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, రోడ్ల నిండా విరిగిన చెట్లు. మన సంఘ కార్యదర్శి తడిసి ఉబ్బిపోయిన సభ్యత్వ రిజిస్టరును ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, సైకిలు మీద మల్కాపురం నుంచి శ్రీహరిపురం, అక్కడి నుంచి గాజువాక, కూర్మన్నపాలెం దాకా ఇల్లిల్లూ తిరిగారు. రేకులు ఎగిరిపోయిన ఇంటి పేరు పక్కన ఒక గీత, తాగునీరు లేని ఇంటి పక్కన రెండు గీతలు పెట్టుకున్నారు. సాయంత్రానికి ఏ ఇంటికి ఏమి కావాలో తెలిసింది, నీళ్ళ డబ్బాలు ఆ గీతల ప్రకారమే వెళ్ళాయి. సంఘం చిన్నది కాబట్టే ఒక మనిషి ఒక పగటిలో ఆ పని చేయగలిగారు. వందల కుటుంబాలున్న చోట అదే పని జరగాలంటే ఆ కుటుంబాలను ముందే చిన్న గుంపులుగా కట్టి ఉండాలి. అలా కట్టిన పెద్ద సంఘాలు లేకపోలేదు, వాటి మీద నాకు గౌరవమే ఉంది.

ఖర్చు సంగతికి వస్తే, పండుగ పండుగకూ మనం పెట్టే ప్రేమ విందు గురించి ఒక మాట. వెస్లీ మొరేవియన్లు అనే ప్రొటెస్టెంటు క్రైస్తవుల దగ్గర నుంచి తీసుకున్న ప్రేమ విందులో రొట్టె, నీళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు. సాక్ష్యాలే అందులో అసలు వంట. బిర్యానీ పెట్టలేని సంవత్సరం విందే రద్దు చేసుకుంటున్నాము. రొట్టెతో సరిపెట్టి, ఆ డబ్బు పైకప్పుకు వాడితే ఎవరి భక్తికీ లోటు రాదు.

ఎం.వై.ఎఫ్. (మెథడిస్టు యువజన సహవాసం) సభ్యుడు, స్టీల్ ప్లాంట్:

పెద్దలకు వందనాలు. యువకుల తరఫున ఒక్క విషయం. మాకు కావలసినది పెద్ద మందిరం కాదు, మా వయసువారు. వేసవిలో వి.బి.ఎస్. (సెలవుల్లో పిల్లలకు జరిపే బైబిలు పాఠశాల) పక్క సంఘంతో కలిపి జరిపిన సంవత్సరం మా సండే స్కూలు పిల్లలు ఎంత ఉత్సాహంగా వచ్చారో చూశాను. సభ్యత్వం మార్చుకోకుండానే సండే స్కూలు, యువజన కూటం కలిపి నడపడానికి ఏమిటి అడ్డు? ఆ సంఘం పాస్టరు గారిని, మన అయ్యగారిని ఒకసారి కూర్చోబెట్టి అడగవచ్చు కదా.

సి.ఎస్.ఐ. సభ్యుడు, మెదక్ నుంచి వచ్చి వాల్తేరులో స్థిరపడినవాడు:

మా తాతలు మెథడిస్టులు, మేము సి.ఎస్.ఐ. వారము; కాబట్టి కలిసిపోవడమంటే ఏమిటో మా ఇంటి చరిత్రలోనే ఉంది. పోస్నెట్ దొరగారి నాయకత్వంలో కట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి వెస్లియన్ మెథడిస్టు మిషను కట్టినదే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు బ్రిటిష్ మిషను వైపు మెథడిస్టులు ఆంగ్లికన్లతో, ఇతరులతో కలిసి అందులో చేరారు. అమెరికా మిషను ద్వారా ఏర్పడిన మీ సంఘాలు అప్పుడు చేరలేదు, 1970లో ఉత్తర ఇండియా సంఘంలోనూ చేరలేదు, 1981లో ఇండియా మెథడిస్టు సంఘంగా స్వతంత్రమయ్యాయి. రెండు దారుల్లోనూ భక్తిపరులే నడిచారు. కాబట్టి ఐక్యత కోరేవారిని ద్రోహులుగా చూడవద్దని మొదట మనవి.

అయితే ఒక తేడా గమనించండి. అప్పుడు కలిసినవి సంఘాలు. ఏళ్ళ తరబడి చర్చించి, ఆరాధన క్రమాన్ని, కాపరుల అభిషేకాన్ని, ఆస్తులను ఒక ఒప్పందంగా రాసుకుని కలిసాయి. మీ దగ్గర ప్రతిపాదించినది అది కాదు. కుటుంబాలు ఒక్కొక్కటిగా వేరొక రిజిస్టరులో పేరు రాయించుకుంటాయి, అంతే. వయసులో ఉన్నవారు, స్కూటరు ఉన్నవారు ముందు వెళ్తారు. వృద్ధులు, విధవరాండ్రు, మందిరం పక్క సందులో ఉండి నడిచి వచ్చేవారు మిగిలిపోతారు. అదీ కాక మందిరం స్థానిక సభ్యుల సొంత ఆస్తి కాదు, మెథడిస్టు సంఘమంతటి తరఫున ఉంచినది. దాన్ని దేనికి ఉంచాలో పాస్టరేట్ కాన్ఫరెన్సు (మీ పాస్టరు పరిధిలోని సంఘ సభ) తీర్మానించి పైకి పంపవలసినదే తప్ప, నలుగురు సభ్యులు కూర్చుని నిర్ణయించడానికి వీలు లేదు. డి.ఎస్. (డిస్ట్రిక్టు సూపరింటెండెంటు) గారికి తెలియకుండా ఈ మాట ముందుకు తీసుకువెళ్ళవద్దు.

మధురవాడ గృహిణి:

ఉపాధ్యాయుల వారు రాసిన బ్రిస్టల్ సంగతి నాకు కొత్త. తగవులు, తాగుడు బయటపడ్డాయని చదివినప్పుడు మాత్రం నా భయం రెండింతలైంది. క్లాసు నాయకుడు మా ఇంటికి వచ్చి మా కష్టం విని, మరుసటి ఆదివారానికి అది స్త్రీల సమాజంలో ప్రార్థనాంశంగా వినబడితే మేము తలెత్తుకోగలమా? ప్రార్థన పేరుతో ఇంటి గుట్టు వీధిలో పడిన సందర్భాలు ఉన్నాయి. కాపరితనానికీ కాపలాకూ మధ్య గీత ఎవరు గీస్తారు?

మల్కాపురం విశ్రాంత ఉపాధ్యాయుడు:

ఈ ప్రశ్నకు తేలికైన జవాబు లేదమ్మా. వెస్లీ కాలంలో కూడా క్లాసును నిలదీతగా భావించి మానుకున్నవారు ఉన్నారు. నాకు తోచినది ఇంతే: నాయకులను కానుకల లెక్క చూసే కమిటీ నుంచి గాని, పేరున్న కుటుంబాల నుంచి గాని తీసుకోకూడదు. స్త్రీల గుంపును స్త్రీయే నడపాలి. నాయకురాలు మొదట తన కష్టం చెప్పుకోవాలి, తర్వాతే ఇతరులను అడగాలి. విన్నది పాస్టరు గారికి చెప్పవలసి వస్తే, ఆ ఇంటివారి అనుమతితోనే చెప్పాలి. ఈ నియమం తప్పిన నాయకుణ్ణి ఆ వారమే తప్పించే ధైర్యం సంఘానికి ఉండాలి. ఆ ధైర్యం లేని సంఘం చిన్నదైనా పెద్దదైనా ఒకటే.

గాజువాక సభ్యుడు:

అందరికీ కృతజ్ఞతలు. పాత అనుబంధం తప్ప కారణం లేదన్న నాకు ఇక్కడ కారణం దొరికింది. వచ్చే పాస్టరేట్ కమిటీలో నేను పెట్టబోయేది ఇది: కుటుంబాలను గాజువాక, మల్కాపురం, కూర్మన్నపాలెం, మధురవాడ గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపును ఒకరికి అప్పగించి, కానుక కవరు కూడా ఆ గుంపులోనే సేకరించాలి, ఇవ్వలేని ఇంటి వంతు ఆ గుంపే వేసుకోవాలి, ఆ పేరు ఆదివారం చదవకూడదు. సండే స్కూలు కలిపి నడపడం గురించి పక్క సంఘాన్ని ఇప్పుడే అడగాలి, దానికి ఏడాది ఆగే అవసరం లేదు. కలిసిపోవాలన్న తీర్మానాన్ని మాత్రం ఈ ఏర్పాటు ఒక సంవత్సరం నడిచిన తర్వాత, డి.ఎస్. గారి సమక్షంలో చర్చకు తీసుకోవాలి.

మధురవాడ గృహిణి:

ఏడాది తర్వాత కూడా పిల్లల పరిస్థితి ఇలాగే ఉంటే నేను కలిసిపోవడానికే చేయెత్తుతాను, ఇది ముందే చెబుతున్నాను. అంతవరకు మధురవాడ గుంపు మా ఇంట్లో కూడవచ్చు. నగరం ఈ చివర నుంచి ఆ చివరకు ఆదివారం ప్రయాణమే సరిపోతుంది కాబట్టి శనివారం సాయంత్రం పెట్టండి. విన్నది గడప దాటకూడదన్న నియమాన్ని మాత్రం నోటిమాటగా వదలకుండా, కమిటీ మినిట్సులో రాయించండి.