షీట్‌లో పిల్లల లెవెల్స్ తారుమారయ్యాయి, టోటల్ మాత్రం సరిపోయింది. ఎలా సరిచేయాలి?

మూడు తరగతుల టీచర్

అందరికీ నమస్కారం. నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక ప్రైమరీ స్కూల్లో ఎస్‌జీటీని. ముగ్గురం టీచర్లం, 58 మంది పిల్లలు. 3, 4, 5 తరగతులు నావే, ఒకే గదిలో. ఎవరు ఎంతవరకు చదవగలుగుతున్నారో రాసుకోవడానికి జూలైలో ఒక గూగుల్ షీట్ పెట్టుకున్నాం. పెట్టింది నేనే కాబట్టి ఇప్పుడు తిట్లు కూడా నాకే.

షీట్‌లో పెద్ద విశేషమేం లేదు. వరుస నంబర్, పేరు, తరగతి, చివర డి కాలమ్‌లో లెవెల్. లెవెల్స్, పిల్లలు ఎంత చదవగలరో చూసే అసర్ సర్వేలో వాడేవే: అక్షరాలు, పదాలు, పేరా, కథ. పదాలకూ పేరాకూ మధ్య 'వాక్యాలు' అని మేమే ఒకటి కలుపుకున్నాం. పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ముందు పేరా ఇస్తాం. గడగడా చదివితే కథ ఇస్తాం, తడబడితే కిందికి దిగుతాం. అక్షరాల దగ్గర అయిదు చూపిస్తే నాలుగైనా చెప్పాలి. రోజుకు నలుగురైదుగురి కంటే కుదరదు. ఎవరు చదివిస్తే వాళ్లు తమ ఫోన్‌లో షీట్ తెరిచి డి కాలమ్‌లో పాతది చెరిపి కొత్తది పెడతారు.

ఆగస్టు చివర్లో కాంప్లెక్స్ మీటింగ్ (చుట్టుపక్కల బడుల టీచర్ల సమావేశం) ముందు రోజు మా తోటి సార్ ఎమ్మార్సీ (మండల రిసోర్స్ సెంటర్) కంప్యూటర్‌లో షీట్ తెరిచారు. ఏ లెవెల్‌లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుందామని డి కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టారు. పేర్లు ఉన్నచోటే ఉన్నాయి. లెవెల్స్ మాత్రం అకారాది క్రమంలో వచ్చి కూర్చున్నాయి: పైన అక్షరాలు, తర్వాత కథ, ఆ తర్వాత పదాలు, పేరా, అన్నిటికంటే కింద వాక్యాలు.

ఎవరూ చూసుకోలేదా అంటారేమో. ఒకటో తరగతి పైన ఉంటుంది, వాళ్లకు అక్షరాలు అని ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది? రెండో తరగతిలో సగం మందికి 'కథ' వచ్చింది కానీ ఆ టీచర్ సెలవులో ఉన్నారు. అయిదో తరగతికి వాక్యాలు అంటే అదీ నమ్మేలాగే ఉంది. ఫోన్‌లో ఒకసారికి కనిపించేది పది వరుసలు. పేరు వెతుక్కుంటాం, మారుస్తాం, మూసేస్తాం.

రెండు వారాల తర్వాత బయటపడింది. జూలై చివర్లో వేరే ఊరి నుంచి వచ్చి అయిదులో చేరిన బాబు ఒకడున్నాడు, షీట్‌లో ఆఖరి వరుస వాడిదే. వాణ్ని మొదట చదివించింది మా సార్, నేను కాదు. షీట్‌లో 'వాక్యాలు' అని ఉంది కదా అని వాడికి రోజూ వాక్యాల కార్డులే ఇచ్చాను. "గుర్రం బండి లాగింది" అని ఉంటే "గురం బడి లాగిది" అంటాడు. శ్రద్ధ లేదనుకుని రెండుసార్లు విసుక్కున్నాను కూడా. మూడోసారి అనుమానమొచ్చి సార్‌ని అడిగితే, "వాడికి నేను పదాలు అని పెట్టాను కదా మేడమ్" అన్నారు.

నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. మీటింగ్‌లో ఇచ్చిన లెక్కలో ఒక్క అంకె తప్పు లేదు! అక్షరాల్లో ఇంతమంది, పదాల్లో ఇంతమంది అన్నది సార్ట్‌కు ముందూ తర్వాతా ఒకటే. పిల్లలు మారిపోయారు, టోటల్ మారలేదు. పైనుంచి ఎవరైనా పట్టుకునే అవకాశమే లేదు.

ఈ రెండు వారాల్లో ముగ్గురం కలిసి ఓ ఇరవై మందివి మళ్లీ మార్చాం. కాబట్టి వెనక్కి తిప్పితే అవి పోతాయి. ఏం చేయమంటారు? మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి? దయచేసి "అందరికీ సార్ట్ నేర్పండి" అనకండి, మా సార్ ఇప్పటికే చాలా బాధపడుతున్నారు.

ల్యాబ్ లేని కంప్యూటర్ సార్

మేడమ్, ముందు కంగారు పడకండి, ఏదీ పోలేదు. కంప్యూటర్‌లో తెరిచి ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీకి వెళ్లండి. మీటింగ్ ముందు రోజు తేదీ వెతికి, సార్ట్‌కు ముందున్న వెర్షన్ నొక్కి చూడండి. అక్కడ 'రీస్టోర్' అని ఊరిస్తుంది, దాన్ని ముట్టుకోకండి. పక్కన మూడు చుక్కల్లో కాపీ చేసుకునే ఆప్షన్ ఉంటుంది, దాంతో ఆ పాత షీట్‌ను విడిగా ఒక ఫైల్ చేసుకోండి. అందులో ఉన్న డి కాలమే మీ అసలు కాలమ్.

ఇక ఆ ఇరవై మంది. ఇప్పటి షీట్‌లో ఒక్కో డి సెల్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ హిస్టరీ చూడండి. ఎవరు ఏ రోజు ఏం పెట్టారో వస్తుంది. సార్ట్ తర్వాత చేత్తో మార్చినవి మాత్రం ఏరి కాపీలో దిద్దుకోండి. గంట పని, టీ పెట్టుకుని కూర్చోండి.

మళ్లీ జరగకుండా అంటే, పేర్ల కాలమ్‌కు ప్రొటెక్షన్ పెట్టమని చాలామంది చెబుతారు. మీ విషయంలో అది పనికిరాదు. మీ సార్ పేర్లను ముట్టుకోనే లేదు కదా, డి ఒక్కటే కదిపారు. డి కాలమ్ అందరికీ తెరిచి ఉన్నంతకాలం ఈ ప్రమాదం ఉంటుంది. నేనైతే ఆ షీట్‌లో ఎవరినీ రాయనివ్వను. ఒక చిన్న గూగుల్ ఫామ్ పెట్టండి: పిల్లవాడి పేరు, లెవెల్, రెండూ డ్రాప్‌డౌన్. నింపిన ప్రతిసారీ ఇంకో ట్యాబ్‌లో తేదీతో ఒక కొత్త వరుస పడుతుంది. ఆ ట్యాబ్‌ను లాక్ చేసినా ఫామ్ నుంచి వచ్చేవి ఆగవు. మొదటి ట్యాబ్‌లో ఒక్కో పేరుకు ఆఖరిసారి పడిన లెవెల్‌ను ఫార్ములా తెచ్చుకుంటుంది. ఫిల్టర్, సార్ట్ ఫంక్షన్లు కలిపితే చాలు, రాసిస్తాను. మిగతా ఇద్దరికీ షీట్‌ను చూడ్డానికి మాత్రమే ఇవ్వండి.

డ్రాప్‌డౌన్ ఎందుకంటే, మా స్కూల్లో ఓసారి కథ లెవెల్‌లో తొమ్మిది మందే అని కౌంట్ వచ్చింది. చూస్తే ఇంకో ఏడుగురికి ఒకావిడ 'కధ' అని టైప్ చేశారు. షీట్‌కు థ వేరు, ధ వేరు.

దివిసీమ పంతులు

మేడమ్ గారూ, షీట్ సంగతి సార్ చెప్పేశారు, నేను ఆ బాబు సంగతి చెబుతాను. మాది కృష్ణా జిల్లా, ఏకోపాధ్యాయ బడి.

గుర్రాన్ని గురం అన్నాడు, బండిని బడి అన్నాడు, లాగింది అన్నదాన్ని లాగిది అన్నాడు. అంటే వాడికి అక్షరాలొచ్చు, గుణింతాలొచ్చు. గు పలికాడు, లా పలికాడు, గి కూడా పలికాడు. రానివి రెండే: ఒత్తు, పదం మధ్యలో సున్న. శ్రద్ధ లేకపోవడం కాదు, ఆ రెండింటినీ కన్ను దాటేస్తోంది. మీరు మూడోసారి అనుమానించారు కాబట్టి సరిపోయింది, సంవత్సరమంతా అలాగే నెట్టుకొచ్చే పిల్లలున్నారు.

మీ షీట్‌లో వాడికి 'పదాలు' అని సరిగ్గానే ఉన్నా ఇది తెలిసేది కాదు, గమనించండి. 'వల', 'పలక' చదివేవాడూ పదాలే, 'అక్క', 'బండి' దగ్గర ఆగేవాడూ పదాలే. అసర్ అనేది దేశమంతా ఇళ్లకు వెళ్లి చూసే సర్వే, 2005 నుంచి చేస్తున్నారు, దానికి ఆ నాలుగు మెట్లు చాలు. మనకు చాలవు. నేను లెవెల్ పక్కన 'ఎక్కడ ఆగారు' అని ఒక కాలమ్ పెట్టుకున్నాను. అందులో పిల్లవాడు ఎలా పలికాడో అలాగే రాస్తాను, తప్పుతో సహా. "మామ బదులు వావ" అని ఉంటే మ, వ తేడా తెలియట్లేదని నాకు అర్థమైపోతుంది. 'ఇంప్రూవ్ కావాలి' లాంటివి రాయకండి, నెల తర్వాత మీకే అర్థం కావు.

పనిలో పనిగా ఇంకో గొడవ. మూడో తరగతికి నిమిషానికి 60 పదాలు అని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం కదా. మన తెలుగులో 'తీసుకొచ్చేసిందట' కూడా ఒక్క పదమే, 'ఈ' కూడా ఒక్క పదమే. స్టాప్‌వాచ్ పట్టుకునే ముందు ఏ పాఠం ఇస్తున్నామో చూసుకోవాలి.

పలక బలపం

మాకూ సేమ్ షీట్, సేమ్ బాధ. ఫామ్ ఫార్ములా ఇక్కడే పెట్టండి సార్, ఫాలో అవుతున్నా.

పాతకాలం హెచ్‌ఎం

అమ్మా, నేను రిటైరై ఆరేళ్లయింది. ఈ ఫార్ములాలు నాకు తెలియవు. మా రోజుల్లో పొడుగు రిజిస్టర్ ఉండేది, పేజీకి ఒక పిల్లవాడు. పాతది కొట్టేస్తే కొట్టేసినట్టు కనిపించేది, కింద కొత్తది రాసేవాళ్లం. జూన్‌లో ఎక్కడున్నాడో, దసరాకు ఎక్కడికొచ్చాడో పేజీ చూస్తే తెలిసేది. మీ షీట్‌లో పాతది చెరిపేస్తున్నామని చదివినప్పుడే నాకు మనసొప్పలేదు. సార్ట్ చేసిన సార్ తప్పు కంటే అది పెద్ద తప్పు, ఏమనుకోకు.

ఇంకో మాట. ఆ షీట్ లింకు ఎవరి దగ్గరుంటే వాళ్లు తెరవగలిగేలా పెట్టారా? మా మనవడి బడిలో అలాంటి లిస్టే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. ఎవరి పిల్లలు అక్షరాల్లోనే ఉన్నారో ఊరంతా చదివింది. మర్నాడు ఒక పిల్ల బడికి రాలేదు. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు అందులో ఉంటే ముందు తీసేయండి. పిల్లలవి సహా అందరి వ్యక్తిగత వివరాలు కాపాడాలని 2023లో చట్టమే తెచ్చారు.

మూడు తరగతుల టీచర్

అందరికీ థాంక్స్. హెచ్‌ఎం గారూ, ఏమనుకోలేదు, నిజమే. లింకు చూశాను, ఎవరైనా ఎడిట్ చేసేలా నేనే పెట్టి ఉంచాను! వెంటనే ముగ్గురి మెయిల్స్‌కే పరిమితం చేశాను. ఆధార్ లేదు కానీ తల్లుల ఫోన్ నంబర్లు ఇంకో ట్యాబ్‌లో ఉన్నాయి, తీసేశాను.

ఆదివారం కూర్చుని పాత వెర్షన్ కాపీ చేశాను. గంట అన్నారు సార్, నాకు మూడు గంటలు పట్టింది. చేత్తో మార్చినవి ఇరవై కాదు, 23. అందులో నలుగురి దగ్గర తేడా కొట్టింది. తప్పు లెవెల్ చూసి, దానికి పైమెట్టు అనుకుని మార్చేశాం. ఆ నలుగుర్నీ మళ్లీ చదివించాలి.

ఒక ఇబ్బంది. మా బడి దగ్గర సిగ్నల్ వాటర్ ట్యాంక్ పక్కనే వస్తుంది. షీట్ అయితే ఆఫ్‌లైన్‌లో పెట్టుకుని నింపేవాళ్లం. ఫామ్ అలా తెరుచుకోవడం లేదు.

ల్యాబ్ లేని కంప్యూటర్ సార్

అవును, ఫామ్‌కు నెట్ ఉండాల్సిందే. దానికి నా దగ్గర మంత్రం లేదు మేడమ్. చదివించేటప్పుడు నోట్‌బుక్‌లో రాసుకుని సాయంత్రం ఇంటి దగ్గర ఎక్కించండి. రోజుకు అయిదుగురే కదా. కాకపోతే ఫామ్‌లో 'చదివించిన తేదీ' అని విడిగా ఒక ప్రశ్న పెట్టండి. లేకపోతే మీరు నింపిన రోజే పడుతుంది. షీట్ సెట్టింగ్స్‌లో లొకేల్ ఇండియా అని ఉందో లేదో కూడా చూడండి. అమెరికా అని ఉంటే సెప్టెంబర్ 5 అనుకుని మీరు 5/9 అని కొట్టింది మే 9 అయి కూర్చుంటుంది.

హెచ్‌ఎం గారి పేజీకి ఒక పిల్లవాడు పద్ధతి ఇందులోనూ వస్తుంది. పేరు ఎంచుకుంటే ఆ పిల్లవాడివే అన్ని వరుసలూ తేదీల వారీగా కనిపించే ట్యాబ్ ఒకటి చేసి పంపుతాను.

దివిసీమ పంతులు

ఆ బాబుకు ఈ వారం వాక్యాలు ఆపి జంట పదాలు ఇచ్చి చూడండి మేడమ్ గారూ. బడి–బండి, గద–గద్ద లాంటివి. కలు–కళ్లు, పల–పల్లం లాంటివి వద్దు. అర్థమున్న జంటలే వెతకండి. గద్ద బొమ్మ పక్కన గద బొమ్మ పెడితే ఒత్తు ఎందుకో వాడికే తెలుస్తుంది.

మూడు తరగతుల టీచర్

పది రోజుల తర్వాత రాస్తున్నాను. ఫామ్ నడుస్తోంది. మా సార్ నా కంటే ఎక్కువ నింపుతున్నారు. 'ఎక్కడ ఆగారు' దగ్గర ఆయన మొదట్లో 'పర్వాలేదు' అని రాసేవారు, ఇప్పుడు పిల్లలు పలికినట్టే రాస్తున్నారు. చదువుతుంటే వాళ్ల గొంతులు వినిపిస్తున్నాయి.

మళ్లీ చదివించాల్సిన నలుగురిలో ఇద్దరిది అయింది. ఇద్దరూ ఒక మెట్టు కిందికి దిగారు. మిగతా ఇద్దరూ పత్తి ఏరడానికి వెళ్లారట, సోమవారం వస్తామన్నారు.

అయిదో తరగతి బాబు పేరు ఎంచుకుంటే ఇప్పుడు మూడు వరుసలు వస్తున్నాయి. మొదటిది: పదాలు, "గురం బడి లాగిది". రెండోది: పదాలు, గద్ద బొమ్మ చూసి గద్ద అన్నాడు, బొమ్మ తీసేస్తే గద. నిన్నటిది: పదాలు, "గురం బండి లాగింది".

సున్న వచ్చేసింది. గుర్రం ఇంకా గురమే.