నల్లజాతివారికి విడిగా హెచ్ఐవీ కార్యక్రమాలు కావాలా? పేదలందరికీ ఒకే పథకం చాలదా?

రాజేష్_మరియెట్టా:
నిన్న మా ఆఫీసులో దీని మీద చాలాసేపు వాదన నడిచింది. అమెరికా జనాభాలో నల్లజాతివారు 13 శాతం దాకా ఉంటారు. 2019లో కొత్తగా హెచ్ఐవీ బయటపడినవాళ్లలో మాత్రం వాళ్లు 42 శాతం. ఆ లెక్క చూస్తే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది. కానీ దీనికి మూలం పేదరికం, ఇన్సూరెన్స్ లేకపోవడం అని నా అభిప్రాయం. జార్జియా, మిసిసిపి, అలబామా, టెక్సాస్ రాష్ట్రాలు పేదలకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ని పూర్తిగా విస్తరించనే లేదు. ఆ పని చేస్తే ఏ రంగు పేదవాడికైనా మేలే. జాతి పేరుతో విడిగా నిధులిస్తే మిగతావాళ్లకి కోపం రాదా? పైగా కోవిడ్ లాంటిది వచ్చిపడినప్పుడు ఉన్న డబ్బు, సిబ్బంది అందరి కోసం వాడటమే న్యాయం కదా?

సుజాత_ఫార్మసీ:
రాజేష్ గారూ, మెడికెయిడ్ విషయంలో మీ మాటే నా మాట. నేను అట్లాంటా దగ్గర డికాబ్ కౌంటీలో మందుల షాపులో పని చేస్తాను. ఒక పెద్దాయన ప్రతినెలా హెచ్ఐవీ మందుల కోసం వచ్చేవాడు. డబ్బా చేతిలో పెట్టగానే కౌంటర్ దగ్గరే నిలబడి, బొటనవేలి గోటితో లేబుల్ మొత్తం గీకేసి, ఆ ముక్కలు నాకిచ్చి పారెయ్యమనేవాడు. ఇంట్లో ఎవరి కంటా పడకూడదని.

2020 ఏప్రిల్‌లో ఆయన రాలేదు. మే నెలలో వచ్చాడు, సగమైపోయి. ఆయన ఎక్కే బస్సు రూటు ఆపేశారు. హెచ్ఐవీ ఉన్న పేదల కోసం ప్రభుత్వం నడిపే రయాన్ వైట్ పథకం కింద మందులు రావాలంటే అప్పట్లో ఆరు నెలలకోసారి ఆదాయం కాగితాలు మళ్లీ చూపించాలి. ఆయన వెళ్లే ఆఫీసు మూసి ఉంది. హోటల్లో పని పోయింది కాబట్టి చూపించడానికి జీతం కాగితమే లేదు. 26 రోజులు మందు లేకుండా ఉన్నాడు. మందు ఆగితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, ఆ మందుకి లొంగకుండా మొండికెత్తే ప్రమాదమూ ఉంది. ఆ ఆరు నెలల నిబంధనని 2021 అక్టోబర్‌లో ఎత్తేశారు. ఆయనకి మాత్రం ఆ 26 రోజులు ఎవరు తిరిగిస్తారు?

ఇది పేదరికమే అంటారా, ఆయన విషయంలో చాలావరకు నిజమే. కానీ కథ అక్కడితో అయిపోదు.

కృష్ణ_హ్యూస్టన్:
అయిపోదు. నేను ఐసీయూలో రెస్పిరేటరీ థెరపిస్టుని. కోవిడ్‌లో మనమంతా వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ గుర్తుందా? 2020 డిసెంబర్‌లో మిషిగన్ డాక్టర్లు ఒక అధ్యయనం ప్రచురించారు. ఆక్సీమీటర్ 92-96 మధ్య చూపిస్తున్నా రక్తంలో అసలు ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. దాదాపు మూడు రెట్లు. నల్లవాడైతే కోటీశ్వరుడి వేలికి పెట్టినా ఆ తేడా పోదు. అది చదివిన రోజు, అప్పటిదాకా ఎంతమందికి "మీకు బాగానే ఉంది" అని చెప్పి ఉంటానో అని రాత్రంతా నిద్రపట్టలేదు.

హెచ్ఐవీ రాకుండా వేసుకునే ప్రెప్ మాత్ర 2012 నుంచి ఉంది. 2020లో దాని అవసరం ఉన్న తెల్లవారిలో 66 శాతం మందికి డాక్టర్లు రాశారు. నల్లవారిలో 9 శాతానికే. ఇంత తేడా ఒక్క ఇన్సూరెన్స్ వల్లే వచ్చిందంటే నేను నమ్మను.

వేణు_బోస్టన్:
డాక్టర్లు రాసినా వాళ్లు వేసుకోరు కదా అన్నా. టస్కీగీ జరిగింది కదా, ఆ భయం ఇంకా పోలేదు.

సుజాత_ఫార్మసీ:
వేణు తమ్ముడూ, ఈ మాట విని విని విసుగొచ్చింది. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకి, పెన్సిలిన్ వచ్చాక కూడా, వైద్యం చెయ్యకుండా చూస్తూ కూర్చున్నారు. అది మర్చిపోయేది కాదు. కానీ ప్రతిదానికీ "వాళ్లకి భయం" అనేస్తే తప్పు పేషెంటు మీదికి పోతుంది. ఫిలడెల్ఫియాలో డాక్టర్ ఆలా స్టాన్‌ఫర్డ్ 2020 ఏప్రిల్‌లో అద్దె వ్యాన్ తీసుకుని, చర్చిల పార్కింగ్ స్థలాల్లో కోవిడ్ పరీక్షలు మొదలుపెట్టారు. 2021 ఫిబ్రవరిలో ఆవిడ బృందం 24 గంటలు ఆపకుండా టీకాలు వేస్తే ఆ చలిలో వేలమంది వరసలో నిలబడ్డారు. అందరూ చేరగలిగిన చోట, అర్ధరాత్రి కూడా తలుపు తెరిచి ఉంచితే జనం వచ్చారు. విడిగా కార్యక్రమం అంటే నేననేది ఇదే.

లక్ష్మి_గుంటూరు:
మన దగ్గర జరిగింది కూడా చెప్పనివ్వండి. లాక్‌డౌన్‌లో ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులు, నెలనెలా కాకుండా కొన్ని నెలలకి ఒకేసారి ఇచ్చే ఏర్పాటు చేశారు. అంతకుముందు నుంచే సెక్స్‌వర్కర్లకి, లారీ డ్రైవర్లకి వేరువేరుగా కార్యక్రమాలు నడుస్తున్నాయి. జబ్బు ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి వెళ్లారు. దాన్ని అన్యాయం అని మనం అనలేదు కదా రాజేష్ గారూ.

రాజేష్_మరియెట్టా:
ఆక్సీమీటర్ సంగతి నాకు తెలియదు. లక్ష్మి గారి మాటకి జవాబు వెతుక్కుంటున్నాను, దొరకలేదు. చట్టంలో జాతి పేరు రాయడం మీద నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. ఇంకొకటి: 2020లో కొత్త హెచ్ఐవీ కేసులు 17 శాతం తగ్గాయని చదివాను. సిబ్బందిని కోవిడ్‌కి మళ్లించినా నష్టం లేదనేగా?

కృష్ణ_హ్యూస్టన్:
తగ్గింది జబ్బు కాదండీ, పరీక్షలు. ఆ ఏడాది పరీక్షలు బాగా పడిపోవడమే కారణమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీయే చెప్పింది. కొత్తగా పాజిటివ్ వచ్చినవాళ్ల ఇళ్లకి వెళ్లి, వాళ్లతో సంబంధం ఉన్నవాళ్లని పరీక్షకి తీసుకొచ్చే ఉద్యోగుల్ని చాలాచోట్ల కోవిడ్ కేసులు వెతకడానికి పంపేశారు. కోవిడ్‌కి వాళ్లు అవసరమే, కాదనను. కానీ వాళ్ల కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టలేదు. ఆ ఏడాది బయటపడనివాళ్లు ఆ తర్వాత జబ్బు ముదిరాక మా ఐసీయూకి వస్తారు.

రాజేష్_మరియెట్టా:
సుజాత గారూ, ఆ పెద్దాయన ఇప్పుడు వస్తున్నారా?

సుజాత_ఫార్మసీ:
వస్తున్నాడండీ. పోయిన నెల వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, కనిపించనంత తక్కువకి వచ్చిందని రిపోర్ట్ కాగితం ఫోన్‌లో చూపించాడు. లేబుల్ మాత్రం ఇప్పటికీ గీకుతూనే ఉన్నాడు.